నీరు తీసే కాలంలో ఎర లేని మావులు: కొల్లేరు అంచున ఒక మురుగు కాలువపై కేస్ స్టడీ

కొల్లేరు సరస్సు దక్షిణపు అంచున, కైకలూరు వైపు వరి చేలలోంచి దిగే నీటిని సరస్సులో కలిపే మురుగు కాలువలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద, ఒక లంక గ్రామానికి చెందిన, చేపల వేట మీద బతికే వడ్డీల కుటుంబాలతో కలిసి, వరద నీరు తీసే (తగ్గిపోయే) కాలంలో వెదురు మావులను, అంటే చేపలను పట్టే వెదురు బుట్టలను, ఎర వేయకుండా పెట్టి చేసిన పనిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. లోతట్టు నీళ్లలో వాడే వేట పరికరాలను మెరుగుపరచడం నా పని. మావు అల్లడం, పాతడం, ఎత్తడం మాత్రం ఆ కుటుంబాల చేతి విద్య, ఈ కేసులో సగానికి పైగా తెలివి వారిదే.

తేలిన ముఖ్యమైన విషయాన్ని ముందే చెబుతాను. నీరు పారుతూ ఉండి, చేప ఆ నీటితో పాటే దిగుతున్నప్పుడు మావులో వేసిన ఎర ఆ చేపకు తెలియనే తెలియదు. ఎర వాసన నీరు పోయే దిక్కుకే పోతుంది, పట్టుకోవలసిన చేప ఎగువ నుంచి వస్తుంది. అందువల్ల ఆ కాలంలో ఎర మీద పెట్టే డబ్బును, శ్రమను దడి (చేపను మావు వైపు మళ్లించే వెదురు బద్దల అడ్డు) మీద, మావు వాకిలి మీద, మావు పాతే చోటు మీద పెట్టడమే సరైన పని అని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఈ మాట నిలవ నీటికి వర్తించదు. ఆ తేడా ఎక్కడ మొదలవుతుందో కూడా ఈ కాలువే మాకు చూపించింది.

కాలువ, నీరు, చేపలు

బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు, కృష్ణా గోదావరి డెల్టాల మురుగు కాలువలు తెచ్చే నీరంతా కొల్లేరులో చేరి, ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతంలో కలుస్తుంది. సరస్సు చాలా నిస్సారమైనది. అయిదో కాంటూరు (సముద్ర మట్టానికి అయిదు అడుగుల ఎత్తు) వరకు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. లోతు తక్కువ కావడం వల్ల నీటి మట్టం ఒక్క అడుగు పెరిగినా విశాలమైన నేల మునుగుతుంది, ఒక్క అడుగు తగ్గినా అంతే నేల బయటపడుతుంది. ఎర లేని వేటకు మూలాధారం ఈ హెచ్చుతగ్గులే. నీరు కదిలినప్పుడల్లా చేప కదలక తప్పదు, కదిలే చేపను పిలవనవసరం లేదు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ నగరంలో పెద్ద భాగాన్ని ముంచిన వరద ఆ తరువాత కొల్లేరుకు దిగింది. మేము పనిచేసిన కాలువ గట్లు దాటి చేలలోకి ఎక్కింది. దాంతో పాటే మట్టగిడసలు, కొరమీనులు, జెల్లలు, పరకలు, బొమ్మిడాయిలు చేలలోకి, గట్ల వెంట ఉన్న గుంటల్లోకి చేరాయి. చేపల చెరువుల గట్లు తెగిన చోట్ల పెంపకపు చేపలు కూడా వాటితో కలిశాయి. అక్టోబరు నుంచి నీరు తీయడం మొదలైంది. మధ్యలో ఛాతీ లోతు ఉన్న కాలువ సంక్రాంతి దగ్గర పడేసరికి మోకాలి లోతుకు వచ్చింది. ఈ వ్యవధిలో చేలలో చిక్కుకుపోకుండా సరస్సులోని లోతు నీటికి తిరిగి చేరడానికి చేపలు దిగే దారి ఈ కాలువే. మా పని ఆ దిగే చేపతోనే.

తొలకరి తరువాత, జూలై ఆగస్టుల్లో, ఇవే చేపలు ఇదే కాలువలో ఎదురెక్కుతాయి. అప్పుడు వాటి కడుపునిండా గుడ్లు ఉంటాయి. ఆ కాలంలో మావు పెట్టడం కూడా సులువే, వాకిలిని దిగువకు తిప్పితే చాలు. అయినా ఆ వేటను ఈ పనిలోకి రానివ్వకూడదని కుటుంబాలన్నీ మొదటే ఒప్పుకున్నాయి. ఎదురెక్కే తల్లి చేపను ఆపిన ఊరికి దిగే పిల్ల చేప మిగలదన్న లెక్క వారికి నాకంటే బాగా తెలుసు.

ఎర ఎలా వచ్చి చేరింది

మావు వేట మొదట్లో ఎర లేని వేటే. దోనెలో వెళ్లి కిక్కిస అనే రెల్లు గడ్డి అంచున దడి కట్టి, దడి సందులో మావు దించి, తెల్లవారుజామున ఎత్తుకురావడం పాత పద్ధతి. మావుకంటే కూడా సాదాది ఊత, అడుగూ పైభాగమూ తెరిచి ఉన్న ఆ బుట్టను మోకాలి లోతు నీటిలో చేప మీద దించి, పైనుంచి చేయి పెట్టి తీస్తారు. ఇందులో కూడా ఎరకు చోటు లేదు. గత కొన్నేళ్లుగా మడతపెట్టే నైలాన్ బోనులు బజారులోకి వచ్చాక, వాటిలో తవుడు ముద్దలు, కోళ్ల దుకాణాల నుంచి తెచ్చిన పేగులు వేయడం అలవాటైంది. ఆ అలవాటు మెల్లగా వెదురు మావులకూ పాకింది. పక్కవాడు ఎర వేస్తే మనం వేయకపోతే చేపంతా వాడి మావుకే పోతుందన్న భయం దీనికి ప్రధాన కారణం.

దాని ఫలితాలు మేము కాలువ మీదికి వెళ్లేనాటికే కనిపిస్తున్నాయి. మావులు పీతలతో నిండుతున్నాయి. పీతలు వాకిలి పుల్లలను కొరికి విరిచేస్తున్నాయి. కృష్ణా డెల్టాలో ఇప్పుడు ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తున్న సక్కర్ చేప, జనం దెయ్యం చేప అంటున్నది, కుళ్లిన పదార్థం ఉన్న మావులో మరీ ఎక్కువగా పడుతోంది. దానికి కొనేవారు లేరు, దాని ముళ్లు, గరుకు ఒళ్లు మావులోని మిగతా చేపలను గీరేస్తున్నాయి. ఇంకొక నష్టం పైకి కనిపించనిది. పొద్దెక్కాక మావు ఎత్తితే లోపల పేగులు కుళ్లి నీటిలోని ప్రాణవాయువును తినేస్తాయి, దాంతో పరకల వంటి చేపలు మావులోనే చచ్చిపోతున్నాయి. ప్రాణంతో ఉన్న చేపకూ చచ్చిన చేపకూ ధరలో ఉన్న తేడా చూస్తే, ఎర కొన్న డబ్బు కంటే ఈ నష్టమే పెద్దది.

వాసన ఎటు పోతుంది

మేము చేసిన పోలిక సాదాసీదాది. ఒకే చేతి అల్లిక, ఒకే కొలత ఉన్న మావులను జతలుగా పెట్టాం. జతలో ఒకదానికి ఎర, రెండోదానికి లేదు. కొన్ని రాత్రులకొకసారి రెండింటి చోట్లు మార్చాం. ఇలా మార్చడం చాలా అవసరం. మావు వేటలో చోటు ప్రభావం ఎంత పెద్దదంటే, మంచి చోట ఉన్న మావులో ఏది వేసినా అదే గొప్ప ఎరలా కనిపిస్తుంది. ఊరిలో ఎర గురించి ఉన్న నమ్మకాల్లో ఎక్కువ భాగం ఇలా చోటు గొప్పను ఎరకు అంటగట్టడం వల్ల పుట్టినవేనని నా అభిప్రాయం.

నీరు చురుకుగా దిగుతున్న వారాల్లో జెల్ల, మట్టగిడస, పరక, బొమ్మిడాయి విషయంలో ఎర లేని మావులు ఎక్కడా వెనకబడలేదు. ఎర ఉన్న మావుల్లో అదనంగా పడినవి పీతలు, దెయ్యం చేపలు. మా జట్టులోని పెద్దాయన దీన్ని ముందే ఊహించారు. "నీళ్లు ఎటు తీస్తే చేప అటు పోద్దండి, వాసనా అటే పోద్ది. ఇంక మన ఎర దేనికి పనికొచ్చినట్టండి?" అన్నారాయన. విషయమంతా ఇంతే. పారే నీటిలో ఎర నుంచి కరిగే పదార్థం సన్నని చారలా దిగువకు సాగుతుంది. ఆ చారను తగిలిన చేప దాని వెంట ఎదురీదుతూ వచ్చి ఎరను చేరుతుంది. అంటే ఎర పిలిచేది మావుకు దిగువన ఉన్న చేపను. ఎగువ నుంచి దిగే చేపకు మావు దాటిన తరువాతే వాసన తెలుస్తుంది, అప్పటికి అది దడి సందులోంచి సరస్సు వైపు వెళ్లిపోయి ఉంటుంది. దిగువన కాపురముండే పీతలూ దెయ్యం చేపలూ మాత్రం ఆ చారను పట్టుకుని తీరిగ్గా వస్తాయి. మావులు దేనితో నిండుతున్నాయో, ఎందుకు నిండుతున్నాయో ఇక్కడ తేలిపోయింది.

దిగే చేపను దాని దారిలోనే కాచుకోవడం ఒక్క కొల్లేరు తెలివే కాదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో బుడ్జ్ బిమ్ అనే చోట గుండిట్జ్‌మారా జనం అగ్నిపర్వతపు రాళ్లతో కాలువలు, అడ్డుకట్టలు కట్టి, వరద ఎక్కి దిగే సమయాల్లో మలుగు చేపలను అల్లిన బుట్టల్లోకి మళ్లించేవారు. ఆ కట్టడాల్లో కొన్నిటి వయసు 6,600 సంవత్సరాలకు పైబడింది, 2019లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ రాతితో చేసిన పనినే ఇక్కడ వెదురు దడితో చేస్తారు.

దడి

ఎర తీసేసిన తరువాత దాని పని మొత్తం దడి మీద పడుతుంది. అందుకే మా శ్రమలో పెద్ద భాగం దడికే పోయింది.

దడికి ఎదురుపడిన చేప దాన్ని గుద్దుకోదు. ఒంటి పక్కన తల నుంచి తోక దాకా ఉండే స్పర్శ రేఖతో నీటి కదలికలోని తేడాను అది దూరం నుంచే గ్రహిస్తుంది. చీకట్లో, బురద నీటిలో కూడా దానికి దడి జాడ తెలుస్తుంది. అలా తెలిసిన తరువాత చాలా జాతులు చేసే పని ఒక్కటే, అడ్డును ఆనుకుని లోతు వైపుకు జరుగుతాయి. ఒడ్డు వైపుకు జరగడం అరుదు. కాబట్టి దడి ఒడ్డు నుంచి మొదలై లోతు వైపుకు సాగాలి, మావు దడికి లోతు కొసన ఉండాలి. మేము వెళ్లేటప్పటికి కొన్ని మావులు దడి మధ్యలో, ఎత్తడానికి వీలుగా, ఒడ్డుకు దగ్గరగా ఉన్నాయి. వాటిని కొసకు జరిపినప్పుడు వచ్చిన మార్పు, ఎర వేసినప్పుడూ తీసినప్పుడూ వచ్చిన మార్పు కంటే చాలా ఎక్కువ.

దడి వాలు గురించి కొంత తర్జనభర్జన జరిగింది. పారే నీటికి అడ్డంగా, నిట్టనిలువుగా దడి కడితే చేప దాని ముందు ఆగి, వెనక్కి తిరిగి, ఎగువకు పోతుంది. పైగా గుర్రపు డెక్క వచ్చి దడికి పేరుకుని, రాత్రికి రాత్రే దాన్ని పడగొడుతుంది. ప్రవాహానికి ఏటవాలుగా, అంటే ఒడ్డు నుంచి దిగువకు వంగుతూ కడితే చేప తిరగకుండా దడి వెంట జారుతుంది, డెక్క కూడా దడిని రాసుకుంటూ ముందుకు పోతుంది. కాలువ ఒంపు తిరిగే చోట బయటి వంపున లోతూ వేగమూ ఎక్కువ, డెక్క మందలు కూడా ఆ దారినే వస్తాయి. లోపలి వంపున నీరు మందగించి, పారే నీటికీ నిలిచిన నీటికీ మధ్య ఒక అంచు ఏర్పడుతుంది. చేపలు బడలిక లేకుండా దిగడానికి ఆ అంచునే ఎంచుకుంటాయని మాకు పదే పదే రుజువైంది. మావును అక్కడ పాతాం.

దడి అడుగు చూడడానికి కళ్లు చాలవు, పాదాలు కావాలి. దడి పాతిన తరువాత ఒకరు నీటిలో దిగి, దాని వెంట మొదటి నుంచి చివరి దాకా పాదంతో తడుముతూ నడవాలి. బద్దలు బురదలో జానెడు లోతుకు దిగి ఉండాలి. బొమ్మిడాయి బురదలో ముక్కు దూర్చి బతికే చేప, పాదానికి తగలనంత చిన్న సందు కూడా దానికి సింహద్వారమే. నీరు దిగే కొద్దీ ప్రవాహం దడి అడుగున మన్ను కోస్తుంది కాబట్టి ఈ నడక ఒక్కసారితో తీరదు. బొమ్మిడాయి పడడం తగ్గిన రోజున మొదట అనుమానించవలసింది దడి అడుగునే.

పైభాగానికి కూడా కష్టం ఉంది. కొరమీను ఎగిరే చేప. దడి నీటికి పైన అడుగు లోపు ఉంటే అది అవలీలగా దాటేస్తుంది. వెన్నెల రాత్రి దడి దగ్గర కూర్చున్న కుర్రాళ్లు అవి దూకడం చూసి చెప్పిన తరువాత, దడి ఎత్తును మరో అడుగు పెంచాం. పెంచిన తరువాత కొరమీను పడడం కొంత మెరుగైంది కానీ ఆశించినంత కాదు. పెద్ద కొరమీను దడి వెంట మావు దాకా వచ్చి, వాకిలి ముందు ఆగి, తిరిగిపోవడం కూడా జరుగుతోందని నా అనుమానం. వాలుగ అయితే దాదాపు పడలేదనే చెప్పాలి. దాని నోరు, ఒళ్లు ఈ కొలత వాకిలికి సరిపోవు.

వాకిలి

మావులోకి దారి వెదురు పుల్లలతో గరాటులా అల్లి ఉంటుంది. బయట వెడల్పు, లోపల ఇరుకు. లోపలికి పోయిన చేప అదే దారిన ఎందుకు బయటికి రాదన్నది చాలామంది అడిగే ప్రశ్న. దారి తెలియక కాదు. మావులో పడిన చేప బయటపడడానికి గోడను ఆనుకుని తిరుగుతుంది, గోడలో సందు కోసం ముక్కుతో వెతుకుతుంది. గరాటు కొస మాత్రం గోడకు దూరంగా, మావు నడుమన, నీటిలో వేలాడుతూ ఉంటుంది. గోడ వెంట తిరిగే చేప గరాటు మొదలును చుట్టి దాటిపోతుందే తప్ప దాని కొసను చేరదు. ఎప్పుడైనా చేరినా, లోపలికి వంగిన పుల్లల మొనలు ముఖానికి తగిలి వెనక్కి తగ్గుతుంది.

ఎర లేని మావుకు ఈ వాకిలి మరింత సున్నితంగా ఉండాలి, దీన్ని నేను ప్రత్యేకంగా నొక్కి చెప్పదలిచాను. ఎర వాసన తగిలిన చేప బిరుసు పుల్లలను కూడా తోసుకుని లోపలికి పోతుంది, దానికి ఆకలి ఉంది. దడి వెంట వచ్చిన చేపకు లోపలికి పోయి తీరవలసిన అవసరమేమీ లేదు, అది దారి వెతుక్కుంటోంది అంతే. పుల్లలు బిరుసుగా తగిలితే తిరిగిపోతుంది. అందుకని వాకిలి పుల్లలను వెదురు బద్ద లోపలి భాగం నుంచి కాక, పైతోలు ఉన్న భాగం నుంచి సన్నగా చీల్చి, వంగితే తిరిగి లేచే గుణం ఉండేలా చేయించాం. పరీక్ష చేతితోనే. పిడికిలి బిగించకుండా చేయి దూరిస్తే పుల్లలు నొప్పి లేకుండా విచ్చుకోవాలి, చేయి వెనక్కి తీస్తే వేళ్ల కణుపుల దగ్గర పట్టుకోవాలి. ఈ పరీక్ష మావు నీటిలో బాగా నానిన తరువాతే చేయాలి. పొడిగా ఉన్నప్పుడు సరిగ్గా ఉన్న పుల్ల నానాక మెత్తబడుతుంది.

కొత్త మావును అల్లిన వెంటనే వేటకు దించకూడదన్న పాత కట్టుబాటును మేము పూర్తిగా పాటించాం. పచ్చి వెదురు వాసన, దాని తెలుపు పోయేదాకా దాన్ని బురద నీటిలో పడేసి ఉంచాం. నానిన వెదురుకు పాచి పడుతుంది. ఆ పాచిని గీరి తినడానికి చిన్న రొయ్యలు, పరక పిల్లలు చేరతాయి, వాటి కోసం మట్టగిడస వస్తుంది. ఇది కూడా ఒక రకంగా ఎరే కదా అని ఎవరైనా అనవచ్చు. నేను కాదనను. కానీ ఇది డబ్బు పెట్టి కొన్నది కాదు, కుళ్లేది కాదు, నీటితో కొట్టుకుపోయేది కాదు, మావు ఉన్నన్నాళ్లూ దానితో పాటే ఉంటుంది.

బద్దల మధ్య సందు చూపుడు వేలు దూరేంత ఉంచాం. వేలెడు లేని పిల్ల చేపలు అందులోంచి వెళ్లిపోవాలి. నైలాన్ బోనుల సన్నని కన్నులతో పోలిస్తే ఇందులో చిల్లర చేప తగ్గుతుంది, మొదట్లో దీని మీద గొణుగుడు కూడా వినబడింది. అయితే మావులో చిల్లర చేప ఉంటే దాన్ని లోపలి కొరమీనే తినేస్తుంది, చిల్లర కోసం లోపలికి దూరిన నీరుకట్టె పాము కొరమీను పిల్లలనూ మింగుతుంది. సందు వెడల్పు చేస్తే మావు లోపలి ఈ నష్టం తగ్గుతుందని చూశాక గొణుగుడు ఆగింది.

మావు పైభాగం నీటి పైన ఉండాలి

ఈ విషయం చిన్నదిగా కనబడుతుంది కానీ దీని మీద నేను రాజీపడలేదు. కొరమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి, గొరక గాలి పీల్చే చేపలు. కొరమీనుకు మొప్పలతో నీటిలోంచి అందే ప్రాణవాయువు చాలదు, అది పైకి వచ్చి గాలి మింగాలి. నైలాన్ బోనును పూర్తిగా ముంచి రాత్రంతా వదిలేస్తే తెల్లవారేసరికి కొరమీను ఊపిరాడక చచ్చి ఉంటుంది. కొల్లేరులో ఉండే తాబేళ్లు కూడా అంతే. తాబేలు మావులో పడడాన్ని పూర్తిగా ఆపలేము, కానీ మావు పైన జానెడు నీటి బయట ఉంటే అది బతికి ఉంటుంది, ఉదయం దాన్ని వదిలేయవచ్చు. చట్టం రక్షించే జంతువును చంపకుండా వేట చేయడం అభయారణ్యం పక్కన బతికే ఊరికి అవసరం కూడా.

నీరు రోజూ దిగుతూ ఉంటుంది కనుక పైభాగం బయట ఉంచడం సులువే. కష్టం దీనికి రెండో వైపున ఉంది. నీరు దిగిన కొద్దీ వాకిలి పైసగం కూడా నీటి బయటికి వస్తుంది, చేపకు దారి సగమవుతుంది. దీనికి మావును ప్రతి కొన్ని రోజులకొకసారి లోతు వైపుకు జరిపి, దడికి కొస కలపక తప్పలేదు. నీరు తీసే కాలపు వేటలో అసలు శ్రమ ఇదే. ఒకచోట పాతి కూర్చుంటే వచ్చే వేట కాదిది.

మావులు ఎత్తడం తెల్లవారుజామునే, వెలుగు పూర్తిగా రాకముందే. జెల్ల, మార్పు వంటి మీసాల చేపలు చీకట్లో తిరుగుతాయి, పొద్దు పొడిచాక మావులో కొత్తగా పడేది తక్కువ. అప్పటి నుంచి మావులో ఉన్న చేప ఎండకు, కొంగలకు బలి అవుతుంది. ఎత్తిన చేపను మావులోంచి నేరుగా నీరున్న తొట్టిలో వేసి దోనెలో తెచ్చారు. ఎర లేని మావు నుంచి వచ్చిన చేపకు పేగుల వాసన లేకపోవడం కొనేవారు కూడా గమనించారు.

నీరు ఆగినప్పుడు

డిసెంబరులో ఒక దశలో కాలువలో పారుదల దాదాపు ఆగిపోయింది. దిగువన డెక్క పేరుకుని సరస్సు మట్టం నిలబడితే, లేదా గాలి ఎదురుగా కొడితే ఇక్కడ ఇలా జరగడం మామూలే. అప్పుడు దడి కొస మావులు ఖాళీగా లేచాయి. చేప కదలడం లేదు కాబట్టి దాని దారిలో కాచుకోవడానికి అర్థం లేదు. ఎర వేసిన మావుల్లో మాత్రం మార్పులు, ఇంగిలాయిలు పడ్డాయి. నిలవ నీటిలో వాసన నెమ్మదిగా నాలుగు వైపులా పాకుతుంది, మీసాలతో వెతికే చేప దాన్ని పట్టుకుంటుంది. నిలవ నీటిలో, మీసాల చేప కోసమైతే, ఎరకు చోటు ఉందని నేను ఒప్పుకుంటాను.

అయినా ఎర లేకుండానే ఆ దశను దాటడానికి ఒక మార్గం దొరికింది. మావులను దడి నుంచి తీసి, కిక్కిస, డెక్క అంచుల్లో, ఒడ్డుకు సమాంతరంగా, నీడలో పెట్టించాం. చేప పగలు నీడ కోసం గడ్డి అడుగుకు చేరి, చీకటి పడగానే బయటికి తిరుగుతుంది. గడ్డి అంచుకూ తేట నీటికీ మధ్య ఉన్న ఆ రాకపోకల దారిలో మావు చీకటి గుహలా ఉంటుంది. మట్టగిడసలు, గొరకలు ఇలా బాగానే పడ్డాయి. మార్పు, ఇంగిలాయి మాత్రం ఎర ఉన్న మావులకే మొగ్గు చూపాయి. ఆ రెండూ కావాలనుకున్న కుటుంబానికి ఆ కొద్ది రోజులు వానపాములు వేయమని నేనే చెప్పాను. పేగులు మాత్రం వద్దన్నాం.

కట్టుబాట్లు

1897 నాటి భారత మత్స్య చట్టం నీటిలో విషం కలపడాన్ని, పేలుడు పదార్థాలు వాడడాన్ని నేరంగా ప్రకటించడమే కాదు, నేలలో పాతి స్థిరంగా ఉంచే వలలను, బోనులను, ఉచ్చులను ఒకే నిర్వచనం కిందికి తెచ్చి, వాటిని నియంత్రించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. దడి, మావు ఆ నిర్వచనంలోకే వస్తాయి. కొల్లేరు అభయారణ్యంలో చెరువులు తవ్వి చేపలు పెంచడానికి వీల్లేదు, సంప్రదాయ వేటకు చోటుంది. ఆ చోటును నిలబెట్టుకోవాలంటే మావు వేట నిజంగానే నీటికి హాని లేనిదై ఉండాలి. ఎర లేని దడికి ఒక ప్రమాదం ఉందని ఇక్కడ దాచకుండా చెప్పాలి. దడి కాలువను ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా మూసేస్తే, అందులోంచి ఒక్క చేప కూడా తప్పించుకోదు. ఎర వేటలో ఆకలి లేని చేప మిగులుతుంది, మూసిన దడి ముందు ఏదీ మిగలదు. అందుకని కాలువ వెడల్పులో కనీసం మూడో వంతు, అదీ లోతైన వైపు, తెరిచి ఉంచాలన్నది మా మొదటి షరతు. దోనెలు పోవడానికి కూడా అదే దారి. ఎగువన ఒకరు, దిగువన ఒకరు ఎదురెదురు ఒడ్డుల నుంచి దడులు కట్టి ఆ మూడో వంతును కూడా మూయకుండా, రెండు దడుల మధ్య ఎంత దూరం ఉండాలో కుటుంబాలు కూర్చుని తేల్చుకున్నాయి. ఈ షరతు లేకుండా ఎర లేని మావు పద్ధతిని ఇంకొక ఊరికి నేర్పడానికి నేను సిద్ధంగా లేను.

పోయిన మావుల సంగతి కూడా రాయాలి. ప్రవాహానికి కొట్టుకుపోయిన నైలాన్ బోను ఏళ్ల తరబడి నీటి అడుగున చేపలను పట్టి చంపుతూనే ఉంటుంది, అందులో చచ్చిన చేపే తరువాతి చేపకు ఎర. వెదురు మావు కుళ్లుతుంది. కానీ ఈ మధ్య మావు బద్దలను కూడా నైలాన్ దారంతో కడుతున్నారు, ఆ కట్టు కుళ్లదు. మేము వాకిలిని పట్టి ఉంచే కట్టు ఒక్కటైనా తాటి నారతో వేయించాం. మావు తప్పిపోతే మొదట ఆ నారే తెగి, వాకిలి ఊడి, లోపలి చేపకు దారి ఏర్పడుతుంది. ఖర్చేమీ లేని ఈ ఏర్పాటును మావు అల్లే ప్రతి ఇంట్లో పాటించాలని నా కోరిక.

కాలువ మోకాలి లోతుకు తగ్గాక దడులన్నీ పీకించాం. వదిలేసిన దడి గుంజలు నీరు పెరిగినప్పుడు కనబడక దోనెల అడుగులను చీలుస్తాయి, డెక్కను ఆపి కాలువను పూడుస్తాయి, జూలైలో ఎదురెక్కే చేపకు అడ్డం నిలుస్తాయి. బాగున్న బద్దలను కడిగి, ఎండబెట్టి, చుట్టలుగా కట్టి, పురుగు పట్టకుండా పొయ్యి పొగ తగిలే చోట అటక మీద పెట్టారు. వాకిలి పుల్లలు మాత్రం ఏటికేడు కొత్తవే కావాలి, రెండో ఏడాదికి వాటిలో ఆ స్ప్రింగు గుణం ఉండదు. రాబోయే కాలానికి పెద్ద కొరమీను కోసం వాకిలి వెడల్పు పెంచిన కొన్ని మావులను విడిగా అల్లిస్తున్నాం, వాటిని దడి కొసన కాకుండా లోపలి వంపు అంచునే వేర్వేరు లోతుల్లో పెట్టి చూస్తాం.